కూత మధ్యలో ఆవలింత

చెప్పు సూటిగా వెళ్లి నెహెమ్యా ఛాతీకి తగిలింది.

విసిరింది సదానందం.

నెహెమ్యా వంగి చెప్పు తీసుకున్నాడు. దుమ్ము దులిపి, గీత దాటి వచ్చి ఇచ్చాడు.

"అన్నయ్యా, రెండోది విసరకండి. ఇసక కాలుద్ది."

"పరాచికాలాడుతున్నవా? కబడ్డీ కబడ్డీ అనుకుంట పోయి, కూత మధ్యల ఎవడన్న ఆవలిస్తడారా?"

నిజమే. ఆఖరి నిమిషం. ఒక్క పాయింటు వస్తే చాలు. అవతలి కోర్టులోకి కూతకు వెళ్లిన నెహెమ్యా నోరు బార్లా తెరిచి ఆవలించాడు. కూత ఆగింది. అవుట్.

'ఖర్జ్ కోడెలు' జట్టు వరసగా ఏడో మ్యాచ్ ఓడిపోయింది.

అది 2006. సౌదీలో, అల్ ఖర్జ్ చుట్టుపక్కల పాల ఫారాలకు తలా ఒక కబడ్డీ జట్టు ఉండేది. ఆటగాళ్లను ఆట కోసమే వీసా ఇచ్చి తెచ్చేవారు. వాళ్లకు మొక్కలకు నీళ్లు పెట్టడం లాంటి తేలిక డ్యూటీ. మిగతావాళ్లకు ఆవులు, పేడ. వారమంతా పేడలో మునిగి తేలే మనిషికి శుక్రవారం ఆటే పండగ. ఆ పండగ కాస్తా ప్రతి వారం తద్దినమైతే కడుపు మండదా?

"మనం పాలు పిండాలె, వీళ్లు తాగాలె. తాగి ఓడాలె," అనేవాడు సదానందం. "ఇవి కోడెలు గావు, లేగదూడలు!"

తిట్లలో పెద్ద వాటా నెహెమ్యాదే. గోదావరి జిల్లా మనిషి. వచ్చిన కొత్తలో పులి. నాలుగు నెలలుగా పిల్లి. ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు. ఏమైందిరా అంటే నవ్వుతాడు, అంతే.

ఫారం మేనేజర్ తేల్చి చెప్పేశాడు. ఇంకొక్క మ్యాచ్ ఓడితే జట్టు రద్దు. మైదానంలో గడ్డిమోపులు వేయిస్తాడు.

శుక్రవారం పోతే ఇంకేం మిగులుతుంది? సదానందం కాగితం రాయించాడు. నెహెమ్యాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపాలి, బెంచీ మీద ఉన్న కొత్తవాణ్ని ఆడించాలి. మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంపులో అతని రూముకొచ్చి అరవైమంది వేలిముద్రలు వేశారు.

పీరయ్య ఒక్కడే మిగిలాడు. అతను సదానందానికి మేనమామ. ఫారం చివర దూడల షెడ్డులో ఒంటరి డ్యూటీ.

"రా మామా, ఏలుముద్ర పెట్టు."

"ఈ ఆటల ముచ్చట నాకెందుకు అల్లుడా?"

"అందరు పెట్టిండ్రు. నువ్వెందుకు పెట్టవు? వాడేమన్న నీకు సుట్టమా?"

పీరయ్య తింటున్న కంచం పక్కన పెట్టాడు. లేచి బయటికి వెళ్లాడు. పావుగంట తర్వాత తిరిగొచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా బొటనవేలు కాగితానికి ఆనించాడు.

బుధవారం నెహెమ్యా వెళ్లిపోయాడు. బండి ఎక్కుతూ అందరికీ చెయ్యి ఊపాడు. ఎవరూ ఊపలేదు.

"పీడ వాయె," అన్నాడు సదానందం.

శుక్రవారం కోడెలు గెలిచాయి!

రెండంటే రెండే పాయింట్లు. అయితేనేం, క్యాంపంతా గంతులేసింది. కొత్తవాణ్ని భుజాల మీద ఊరేగించారు. చూశారా, నేను చెప్పలేదా అంటూ సదానందం మీసం దువ్వాడు. ఆ సంబరంలో మామ కనబడకపోయేసరికి పిలుచుకు రావడానికి దూడల షెడ్డుకు వెళ్లాడు.

దూడల అరుపులు దూరం నుంచే వినిపించాయి.

పాల బకెట్లు నింపినవి నింపినట్టే ఉన్నాయి. వాటి మధ్య పీరయ్య ఛాతీ పట్టుకుని కూలబడి ఉన్నాడు.

క్లినిక్‌లో నర్సు దయావతి అతనికి సూది మందు ఇచ్చి, సదానందం మీద మండిపడింది.

"ఈయన గుండె బలహీనంగా ఉందని నాలుగు నెలల కిందటే చెప్పానండీ. బరువు ఎత్తితే ప్రాణం మీదికొస్తదన్నాను. రిపోర్టు పైకి పంపితే ఇంటికి తోలేస్తారని కాళ్లావేళ్లా పడ్డారు. మోయడానికి మనిషి ఉన్నాడంటే సరేనని ఊరుకున్నాను. ఏడండీ ఆ మనిషి?"

సదానందం తెల్లబోయాడు. గుండె సంగతి అతనికి తెలియనే తెలియదు.

"మామా, గిన్ని దినాలు రెండు వందల దూడలకు పాలెవరు మోసిండ్రే?"

పీరయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

"తెల్లారకముందే వచ్చి మోసేటోడు. మల్ల సాయంత్రం, ఆటకు పోయేముందు మోసేటోడు. ఒక్కనాడు నాగ పెట్టలే."

"ఎవరు?"

"నెహెమ్యా."

సదానందం గోడకు ఆనుకున్నాడు. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆ వెంటనే కోపం వచ్చింది. అది ఎవరి మీదో అతనికే తెలియదు.

"తెలిసి తెలిసి కాయితం మీద ఏలెట్ల పెట్టినవే? నీకు చెయ్యెట్ల ఆడింది?"

"పెట్టొద్దనే బయటికి పోయిన. మేనేజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పేస్తనని వానితోనే అన్న," అంటూ పీరయ్య కళ్లు తుడుచుకున్నాడు. "‘చెప్తే ఇద్దరం పోతాం బాబాయ్, నేనొక్కణ్నే పోతే సరిపోద్ది, వెళ్లి వేలు వెయ్యండి’ అని, నా చెయ్యి పట్టుకొని మన రూము గుమ్మం దాక తెచ్చి దిగబెట్టింది వాడే."