ముందు దరువు

చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. రెండేళ్ళ కిందట కట్టిన ట్యూను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అది ఏ తారీఖున కట్టాడో చూపే కాగితం తీసుకోవాలి. అక్కను తోడు పిలవాలి. “ఆ దరువు నాది” అని తన నోటితో తనే చెప్పాలి.

మొదటి నాలుగూ పొద్దున్నే అయిపోయాయి. అయిదోది మాత్రం పాటల కంపెనీ మెట్లెక్కుతున్నా గొంతులోనే ఇరుక్కుని ఉంది. కంప్యూటర్ మీద సంగీతం కట్టే అతనికి నత్తి.

“పోనీ, నేను చెప్పనా?” అంది అక్క.

అతను తల అడ్డంగా ఊపాడు.

గాజు గదిలో బల్లకు అవతల పేరుమోసిన గాయని, ఆవిడ లాయరు కూర్చున్నారు. ఇప్పుడు ఊరూరా మోగుతున్న ఆవిడ కొత్త పాటలో ఉన్నది అచ్చంగా అతని దరువే. మూడు దెబ్బలు, చిన్న విరామం, రెండు దెబ్బలు. వీళ్ళు లోపలికి వస్తే ఆవిడ ఓ నవ్వు నవ్విందంతే. పాటలో తప్ప బయట ఆవిడ గొంతు విన్నవాళ్ళు లేరు.

“నోరు విప్పితే ముత్యాలు రాలతాయి కాబోలు,” అక్క అతని చెవిలో గొణిగింది. “ఎంత పొగరు!”

లాయరు గొంతు సవరించుకున్నాడు. “మీ ట్యూను విన్నది గట్టిగా వంద మంది. మా మేడం విన్నారని ఎలా అంటారు? దరువులు ఎవరి సొత్తండీ?”

“ఆ... ఆ ద... ద...”

“మంచినీళ్ళు తాగండి.” లాయరు వాచీ చూసుకున్నాడు.

అక్క లేవబోయింది. అతను మోచెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఈ ఒక్క మాట అనలేకపోతే, రేపు తను కట్టిన ప్రతి పాటా ఎవరిదో అయిపోతుంది.

మాట చిక్కుకున్నప్పుడల్లా చేసే పనే, తనకే తెలియకుండా చేశాడు. వేళ్ళతో బల్ల అంచు మీద కొట్టాడు. మూడు. ఆగాడు. రెండు.

“ఆ దరువు నాది.”

గాయని అతని వేళ్ళకేసే చూస్తోంది. లాయరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. మెల్లిగా తన వేళ్ళు బల్ల అంచుకు తెచ్చింది. మూడు. ఆగింది. రెండు.

“మా... మా... మాటకేం తొందర?” అంది. ఆవిడ మొహం ఎర్రబడింది. “ముం... ముందు దరువును...”

“...వెళ్ళనీ. మాట వెనకాలే వస్తుంది,” అతను తడబడకుండా పూర్తి చేశాడు.

పొగరన్నందుకు అక్క నాలిక కరుచుకుంది.

“మీ... మీకూ ఈ దరువు నేర్పింది ఎర్రగొడుగు టీచరమ్మేనా?” గాయని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “అ... అయితే ఇద్దరం దొంగలమే!”

అతను బల్ల మీద పెట్టిన పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ రెండు పాటల్లో ఏది మీ చెవిన పడినా, రోజూ బడి వదిలాక నత్తి పిల్లల్ని కూర్చోబెట్టుకుని, విసుక్కోకుండా బల్ల మీద దరువేసిన ఎర్రగొడుగు టీచరమ్మను ఒక్కసారి తలుచుకోండి.