బోణీ అయిందా?

దొరసాని కార్డు చాపింది. వెంకటసుబ్బారావు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“బోణీ కాలేదు మేడమ్. కార్డు వద్దు. క్యాష్.”

ఆవిడ తన ఫోనుతో ఏదో చెప్పింది. ఫోను తెలుగులో అడిగింది. “మీ యంత్రం పాడైపోయిందా?”

“మిషన్ శుభ్రంగా ఉంది. కానీ కార్డు డబ్బు రేపు పడుద్ది. అంటే అరువేగా! అరువు బోణీ చేస్తే ఇంకేమన్నా ఉందా?”

లోపల బొమ్మలకు రంగులద్దుతున్న భార్య కనకలక్ష్మి తలెత్తింది. “మరి ఫోన్లో కొడితే తీసుకుంటారుగా?”

“అది వేరే. డబ్బు పడగానే ఈ స్పీకరు పెట్టె అరుస్తుంది. లక్ష్మీదేవి నోరు తెరిచి వచ్చానని చెప్పాక ఇంకేం కావాలి?”

కొండపల్లిలో ఖిల్లాకెళ్ళే దారిలో ఆ బొమ్మల కొట్టు వాళ్ళ తాతనాటిది. ఈమధ్య ఈగలు తోలుకోవడమే పనైంది. దసరాలోగా బేరాలు పుంజుకోకపోతే కొట్టు మూసేసి, బెజవాడలో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోదామనుకున్నాడు. అలాంటి మనిషి బోణీతో ఆటలాడతాడా?

ఆవిడకు బల్ల చూపించాడు. పాపం, ముప్పావుగంట కూర్చుంది. ఎవరో బస్సు దిగి కీచైను కొన్నాక, అప్పుడు ఆవిడ కార్డు పెట్టించుకుని తాటిచెట్టు బొమ్మ ఇచ్చాడు. రూపాయల్లోనా, మీ దేశం డబ్బులోనా అని మిషన్ అడిగితే, ఆవిడ రూపాయల మీదే నొక్కింది.

“తెలివైందే, మారకంలో పోయే డబ్బు మిగుల్చుకుంది,” అనుకున్నాడు.

ఖిల్లా బొమ్మలు గీసుకోడానికి వచ్చిందట. పన్నెండు రోజులుంటుందట. వెళ్తూ వెళ్తూ అంబారీ ఏనుగు తొండం నిమిరింది. అది ఆఖరి రోజు కొంటానని ఫోను చేత చెప్పించింది.

మర్నాడు పొద్దున్నే తల లోపలికి పెట్టింది. “బోనీ?”

వెంకటసుబ్బారావుకు నవ్వొచ్చింది. తల అడ్డంగా ఊపి బల్ల చూపించాడు. ఆవిడ కూర్చోకుండా రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

ఐదు నిమిషాలు కాలేదు. ఎదురుగా జామకాయలమ్మే శౌరమ్మ రోడ్డు దాటి వచ్చింది.

“ఆ చిలక ఎంతయ్యా?”

పదేళ్ళుగా ఎదురుగానే కూర్చుంటున్నా, ఏనాడూ బొమ్మ కొన్న పాపాన పోలేదు శౌరమ్మ. నోటు తీసి చేతిలో పెట్టింది. వెంకటసుబ్బారావు దాన్ని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు.

ఆ రోజు రెండు బస్సుల జనం కొట్టు మీద పడ్డారు.

మూడో రోజూ శౌరమ్మే బోణీ చేసింది. నాలుగో రోజూ అంతే. బేరాలు ఊపందుకున్నాయి.

“అబ్బ, ఏం హస్తవాసే శౌరమ్మది!” అన్నాడు భార్యతో.

“అన్ని బొమ్మలు ఏం చేసుకుంటుందంటారు?”

“అడగమాకు. బోణీ చేసే చేతిని ఆరా తీస్తే బోణీ చెడుద్ది.”

అన్నాడే గానీ, ఆయనకూ లోపల తొలుస్తూనే ఉంది. ముసలిదానికి బొమ్మల పిచ్చి ఇప్పుడెందుకు పట్టింది?

పన్నెండో రోజు దొరసాని ప్రయాణానికి సర్దుకున్న పెట్టెతో సహా వచ్చింది. “బోనీ?”

కాలేదు. ఎదురుగా జామకాయల గంప కూడా లేదు. దొరసాని బల్ల మీద కూర్చుని రోడ్డవతలికే చూసింది. అరగంట గడిచింది.

“నా రైలుకు సమయమైంది. దయచేసి ఏనుగును ఇవ్వగలరా?” అంది ఫోను. ఆవిడ కార్డును రెండు చేతులతో చాపింది.

“ఇచ్చెయ్యండీ, పాపం,” అంది కనకలక్ష్మి.

వెంకటసుబ్బారావు చెయ్యి మిషన్ దాకా వెళ్ళింది. ఇప్పుడిప్పుడే బేరాలు పుంజుకుంటున్నాయి. దసరా ఇంకా ఎనిమిది రోజులుంది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

“పది నిమిషాలు మేడమ్. ఎవరో ఒకరు రాకపోరు.”

ఎవరూ రాలేదు. ఆవిడ నవ్వి, ఏనుగు తొండం మరోసారి నిమిరి, ఆటో ఎక్కింది. ఆ పూటంతా వెంకటసుబ్బారావుకు అన్నం సయించలేదు.

మర్నాడు శౌరమ్మ వచ్చింది. జ్వరంతో మొహం పీక్కుపోయింది. ఆయన సంచిలోంచి కొత్త చీర తీశాడు.

“దసరాకని కొన్నాను. తీసుకో శౌరమ్మా. నీ చేతి బోణీతో కొట్టు నిలబడింది.”

“చీర సంగతి తర్వాత. దొరసానమ్మ ఏదయ్యా?”

“నిన్న రైలెక్కింది.”

“ఏనుగు పట్టుకెళ్ళిందా?”

“లేదు. బోణీ కాలేదుగా.”

శౌరమ్మ బల్ల మీద కూలబడింది.

“ఎంత పని చేశావయ్యా! నా మొహానికి రోజూ బొమ్మలు కొనే రాత కూడానా? ఇక్కడి ఏటీఎం ఆమె కార్డుకు పైసా రాల్చలేదు. అందుకని రోజూ ఆ కార్డు మీద నాకు బీపీ బిళ్ళలో, బియ్యమో, పప్పో కొనిపెట్టేది. ‘ఆ మేరకు నీ చేతి డబ్బుతో వెళ్ళి ముందు బొమ్మ కొను, బోణీ కాకపోతే ఆయన మొహం వాడిపోతోంది’ అని ఫోన్లో చెప్పిచ్చేది. బొమ్మలు నా మనవరాళ్ళకిచ్చుకోమంది.”

“నాకొక్క మాట చెప్పకపోయావా?”

“నీకు తెలిస్తే అది బోణీ కింద చెల్లదేమోనని ఒట్టేయించుకుందయ్యా.”

కనకలక్ష్మి చేతిలో కుంచె ఆగిపోయింది. వెంకటసుబ్బారావు అంబారీ ఏనుగు వంక చూశాడు.

పది రోజులపాటు తను కళ్ళకద్దుకున్నది, తను వద్దన్న ఆ కార్డునే.