తోడికోడళ్ళ కేసు

ఇంటి గోడలోంచి మాట్లాడే చట్టయంత్రం మా కేసును రెప్పపాటులో తేల్చేసింది. భర్తలు పోయారు కనుక తోడికోడళ్ళ బంధుత్వమూ పోయిందట. ఇంట్లో కుటుంబం లేని ముసలివాళ్ళు ఏదో ఒక ఊళ్ళోని వృద్ధనగరానికి వెళ్ళాలి. ఖాళీలను బట్టి రంగనాయకక్కకు ఏలూరు, నాకు తుని. మమ్మల్ని తీసుకెళ్ళే రెండు బళ్ళూ వచ్చి కింద ఆగాయి.

మనిషి చేత చట్టం చదివించుకునే హక్కు ఇంకా మిగిలి ఉంది. అది అడిగాను. హైకోర్టు జడ్జి హైమావతిగారు మా వంటింటికే వచ్చారు. మున్సిఫ్‌గా ఉన్న రోజుల నుంచీ, ఏ చట్టాన్నైనా అది తాకే మనుషుల మధ్య కూర్చుని చదువుతారని ఆవిడకు పేరు.

ప్రేమగా కనబడాలని ముందే అనుకున్నాం. తీరా అక్క పులుసు రుచి చూసి, "ఉప్పేశావా, జడ్జిగార్ని చూసి మర్చిపోయావా?" అంది.

"నీ బీపీకి ఆ మాత్రం చాలు."

"నా బీపీ గొడవ నీకెందుకే?"

"పడిపోతే ఎత్తాల్సింది నేనే కదక్కా."

జడ్జిగారు గోడ వైపు తిరిగారు. "ఈ చట్టం ఎందుకు పుట్టింది?"

"ముసలివాళ్ళెవరూ దిక్కులేకుండా ఒంటరిగా మిగలకూడదని," అంది గోడ.

"మరి ఒకరికొకరు దిక్కుగా ఉన్నవాళ్ళను విడదీయమని అదెలా చెబుతుంది? వీళ్ళు కుటుంబమే. రాసుకో."

గోడ రాసుకుంటూ అడిగింది. "ఇలాంటి వాళ్ళందరికీనా?"

"అందరికీ."

నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. మా ఇంటి కింద ఆగినవే కాదు, వీధి పొడవునా ఆగి ఉన్న బళ్ళెన్నో ఖాళీగా వెనక్కి మళ్ళుతున్నాయి.