గీత లేని అద్దాలు

“అద్దాల నడుమ గీత కనవడద్దు బిడ్డా. కనవడితె ముసలోడంటరు,” అన్నాడు రాజేశం సారు, జగిత్యాల కళ్లద్దాల దుకాణంలో ఆరో ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ.

అద్దాలమ్మే వనిత నవ్వు ఆపుకుంది. “అయితె ప్రోగ్రెసివ్ తీసుకోండ్రి సార్. మీదికెల్లి దూరం కనవడ్తది, కిందికెల్లి చదువుకోవచ్చు. గీత ఉండది. కాకపోతె పక్కలకు మసక ఉంటది. కండ్లు తిప్పితె కాదు, మొఖమే తిప్పాలె.”

నమూనా అద్దాలు పెట్టి, పక్కకు చూడమంది.

పక్కన భార్య ప్రేమలత కూర్చుని ఉంది. సారు అలవాటుగా కంటికొసతో చూశాడు. మసక. ఇంట్లో పేపర్లోంచి తలెత్తకుండానే ఆమెకు జవాబు చెప్పే మనిషి, ఇక తప్పక ముఖమంతా తిప్పాడు.

ఆమె అద్దాల కంపెనీ కాగితాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, ఒక్క ముక్కా చదవలేక అవస్థ పడుతోంది.

“నీకు గూడ కనవడ్తలేదా?”

“మూడేండ్లాయె.”

“చెప్పలేదేంది మరి?”

“చెప్పిన. ఊఁ అన్నవు.”

సారు కుర్చీలోంచి లేచాడు. “ముందుగాల ఈమెకు చూడు బిడ్డా.”

ప్రేమలత ఆ కుర్చీలో కూర్చుంది. సారుకు ఏదో తట్టింది.

“అంటే... అన్నంల రాళ్లు...”

“కనవడితె గద ఏరేది,” అంది ఆమె.

రాళ్లు వస్తున్నాయని ఇద్దరు బియ్యం షావుకార్లతో పోట్లాడి దుకాణాలు మార్చిన సారు, మచ్చలేని ఆ నమూనా అద్దాలను తీసి తుడుస్తూ నిలబడ్డాడు.