లీమా స్టాంపు

"నీకే జబ్బూ లేదమ్మా. లీమాలో మా యంత్రమే చెప్పిందిగా" అన్నాడు డాక్టర్ అరిస్మెందీ. ఊపిరితిత్తుల నిపుణుడు, ఆ పొద్దున్నే మొదటిసారి కొండెక్కి పాస్కో గనుల ఊరికి వచ్చాడు.

"సముద్రం ఒడ్డున చూస్తే ఏముంటుంది బాబూ? అక్కడైతే నేనూ గుర్రంలా పరిగెడతా. ఇక్కడ చూడండి, ఈ ఎత్తులో" అంది దెల్ఫీనా. బడి ఊడ్చే మనిషి. ఆ రెండు ముక్కలకే ఆయాసం వచ్చి పెదాలు నీలంగా మారాయి.

నర్సు సెనోవియా ఫారం ముందే నింపి బల్ల మీద పెట్టింది. 'ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి. ఈ ఎత్తులో ఉంటే ప్రాణాపాయం. వెంటనే కోస్తాకు దింపాలి.' ఆ ఏడు ఆ ఊరికి వచ్చింది ఆ ఒక్క ఫారమే. లీమా డాక్టరు స్టాంపు పడితే చాలు, దెల్ఫీనాకి కోస్తాలోని వాచో బడికి బదిలీ.

వాచోలో ఆమె కూతురు మిలూస్కా ఉంది. ఈ గాలి పడక ఏడాది పిల్లప్పుడే పిన్ని దగ్గరికి దింపేశారు. ఇప్పుడు ఆరేళ్లు. మొన్న ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కనున్న పిన్నిని "అమ్మా" అని పిలిచింది. అప్పట్నించీ దెల్ఫీనాకి ముద్ద దిగడం లేదు.

"ముందు కాస్త కోకా ఆకుల టీ తాగండి బాబూ, ఈ ఎత్తుకి కొత్తవాళ్లకి మంచిది" అంది సెనోవియా.

"ఆకులూ అలములూ నాకొద్దు." బస్సు దిగుతూనే పళ్లెం నిండా పందిమాంసం లాగించి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కొచ్చిన మనిషాయన. దెల్ఫీనా వేలికి, రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించాడు. డెబ్బై నాలుగు.

"వేళ్లు చల్లగా ఉన్నాయి. అందుకే తక్కువ చూపిస్తోంది."

దెల్ఫీనా పొయ్యి దగ్గర చేతులు కాచుకుని వచ్చింది. మళ్లీ డెబ్బై నాలుగే.

"అయితే యంత్రం పాడైంది" అని క్లిప్పు తన వేలికే పెట్టుకున్నాడు. డెబ్బై ఒకటి. "చూశారా! నాకు ఇంకా తక్కువ చూపిస్తోంది. నేనేమన్నా రోగిష్టివాణ్ణా?" అని పెద్దగా నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"కొంచెం... ఆ తలుపు తీయండి."

"తీసే ఉంది బాబూ."

డాక్టరు కుర్చీలోంచి జారిపోయాడు. ఊరికున్న ఒక్క ఆక్సిజన్ సిలిండరునూ దెల్ఫీనాయే దొర్లించుకొచ్చింది. మాస్కు పెట్టాక ఆయన కళ్లు తెరిచాడు కానీ మాట పెగల్లేదు.

సెనోవియా కబురు పెడితే వచ్చిన అంబులెన్సు డ్రైవరు గుమ్మంలోనే నిలబడ్డాడు. "స్టాంపు పడ్డ ఫారం లేనిదే బండి కొండ దిగదక్కా. తర్వాత నా ఉద్యోగం పోతుంది."

సెనోవియా బల్ల మీది ఫారం వంక చూసింది. తర్వాత దెల్ఫీనా వంక చూసింది.

"మళ్లీ ఎప్పుడొస్తుందక్కా ఫారం?" అంది దెల్ఫీనా.

"వచ్చే ఏడు. వస్తే."

దెల్ఫీనా కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నా పేరు కొట్టేసి బాబు పేరు రాయి. మిగతాదంతా ఆయనకీ సరిపోతుంది."

తర్వాత సంచీలోంచి ఎర్ర స్వెట్టరు తీసి డ్రైవరు చేతిలో పెట్టింది. "వాచో మీదుగానే కదా పోతావు తమ్ముడూ? మా పిల్లకివ్వు. చేతులు కాస్త పొడుగ్గా అల్లాను, నేనొచ్చేలోగా ఎదుగుతుంది కదా. వాళ్లమ్మ అల్లిందని చెప్పు, మర్చిపోకు."

సెనోవియా ఫారాన్ని డాక్టరు ముందు పట్టుకుంది. ఆయన మాస్కు తీయకుండానే మొదటినుంచి చివరిదాకా చదివి, ఒక్క అక్షరం మార్చమనకుండా, ఎనిమిది నెలలుగా దెల్ఫీనా అడుగుతున్న స్టాంపు వేశాడు.