ఎడమ మడమ

"ఎక్కు. నేనేం గాజుబొమ్మను కాదు," అంది చాప మీద బోర్లా పడుకున్న కెహౌ.

హౌలానీ ఎక్కలేదు. వాసాల నుంచి వేలాడుతున్న వెదురు కర్రను రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది. కెహౌ వీపు నిండా కుకుయ్ గింజల నూనె నిగనిగలాడుతోంది. బయట హిలో ఊరి వాన రేకుల మీద దంచుతోంది. పొద్దున్నుంచీ ఇదే వరస.

"కాలు వణుకుతోంది, కుమూ."

కాళ్లతో వీపు తొక్కి మర్దన చేసే ఈ ఇంట్లో, చాప దగ్గర కింద పడుకున్నవాళ్లే కుమూ, అంటే గురువు. పైనున్న కాలు ఏం చేస్తోందో కిందున్న వీపుకే కదా తెలిసేది! పైనున్నవాళ్లు నోరు మూసుకుని, చెప్పిన చోట అడుగెయ్యాలి. అందులో ఇంకో మాట లేదు.

"వణికితే వణకనీ. ఊపిరి బిగబట్టకు, చాలు."

చెప్పడం తేలికే. కిందటి నెల ఇదే చాప మీద హౌలానీ చెల్లెలు మొమి కొడుకు పడుకున్నాడు. పడవ పందేల్లో తెడ్డేసేవాడు, ఎద్దులా ఉంటాడు. హౌలానీ ఎడమ మడమ ఉన్నట్టుండి జారి వాడి పక్కటెముకల మీద పడింది. వాడు పెట్టిన కేకకు వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. ఎముక బీటిచ్చిందన్నారు ఆస్పత్రిలో. వాడు నవ్వేసి ఊరుకున్నాడు గానీ, హౌలానీ చెవుల్లో ఆ కేక ఇంకా అలాగే ఉంది. నిద్రలో కూడా కాలి కింద ఏదో విరిగినట్టయి ఉలిక్కిపడి లేచి కూర్చుంటోంది.

"అక్కా, ఇద్దరూ బతికే ఉన్నారా?" వరండాలో పూలు గుచ్చుతున్న మొమి కేకేసింది. "రేపట్నుంచి నాతో పూలకొట్టుకు వచ్చెయ్. పూలు నలిగినా కేకలు పెట్టవు!"

హౌలానీకి ఏడుపొచ్చినంత పనైంది. మొమి ఉత్త వేళాకోళానికి అన్న మాట కాదది. ఇవాళ కెహౌ వీపు మీద తుంటి నుంచి భుజం దాకా సరిగ్గా నడవలేకపోతే ఇక చాప చుట్టేస్తానని పొద్దున హౌలానీయే ఒట్టేసింది. ఈ పని పోతే తనకింకేం మిగులుతుందో తలుచుకోవడానికే భయంగా ఉంది.

"ఆవిడ మాటలు పట్టించుకోకు," అంది కెహౌ. "నేను మొట్టమొదట ఎక్కిన రోజు భయంతో వాంతి చేసుకున్నాను. కింద పడుకున్న మనిషి ఏం చేసిందో తెలుసా? నేను ఎక్కేదాకా పాటలు పాడుతూ పడుకుంది. అవి విన్లేకే ఎక్కేశాను."

ఆ కథ హౌలానీకి తెలుసు. ఆ ఇంట్లో దాన్ని విననివాళ్లు లేరు. అయినా నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కుడికాలు పైకి లేచి కెహౌ తుంటి మీద ఆనింది.

"అదీ! వెన్నుపూస మీద కాదు, పక్కన కండ మీద. ఇప్పుడు ఎడమది."

ఎడమ పాదం ఎక్కడ పెడుతోందో కళ్లారా చూసుకుంటే తప్ప హౌలానీకి నమ్మకం కుదరదు. తల వంచింది.

"కిందికి చూడకు. కళ్లు మూసుకో."

"జారితే?"

"జారితే అరుస్తాను. నా గొంతు నీకు తెలుసుగా!"

హౌలానీ కళ్లు మూసుకుంది. పాదం కింద కండ వెచ్చగా తగిలింది. ఊపిరి వదులుతూ మెల్లగా బరువు దించింది. ఒక అడుగు. ఇంకొకటి. నడుము దాటింది. పక్కటెముకలు మొదలయ్యాయి. ఒళ్లంతా చెమటలు పోశాయి. చేతులు వెదురును పిండేస్తున్నాయి.

టక్.

హౌలానీ కొయ్యబారిపోయింది.

"కుమూ?"

హౌలానీ కళ్లు తెరిచి కిందికి వంగింది.

"కెహౌ! విరిగిందా? మాట్లాడవే!"

పాదాల కింద వీపు ఒక్కసారి ఎగిసిపడింది. మళ్లీ ఎగిసింది. కెహౌ ఏడుస్తోంది. హౌలానీ కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అయిపోయింది, ఇంకో మనిషిని కూడా విరిచేసింది. దిగిపోదామంటే కాళ్లు కదలడం లేదు.

"మొమీ! పరుగెత్తుకు రా!"

మొమి చేతిలో దండతో సహా వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"దిగకు," అంది కెహౌ. "ఏమీ విరగలేదు. ఎన్నాళ్లనుంచో పట్టేసిన చోటు విడింది, అంతే."

"మరి ఏడుపెందుకు?"

"ముందు భుజం దాకా నడువు."

హౌలానీ నడిచింది. భుజం ఒంపు చేరేదాకా ఎడమ మడమ ఎక్కడా జారలేదు. కిందికి దిగి చాప పక్కనే కూలబడింది. కెహౌ లేచి దగ్గరికి జరిగి, అక్కడి పద్ధతిలో ఆమె నుదుటికి నుదురు, ముక్కుకు ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది. ఇద్దరి చెంపలూ తడిసి ఉన్నాయి.

"ఏడ్చింది నొప్పికి కాదు," అంది కెహౌ. "అడుగు గుర్తుపట్టి."

ఎడమ పక్కకు పక్షవాతం రాకముందు, కెహౌకు ఈ నడక నేర్పిన గురువు హౌలానీయే.