చదరపు మచ్చలు

బట్టలు విప్పిన మనిషిని చూడగానే వేడినీళ్ళ తొట్టెలోని నలుగురూ చటుక్కున పైకి లేచారు.

అతని తొడల నిండా తపాలా బిళ్ళలంత చదరపు మచ్చలు. కొన్ని తెల్లగా, కొన్ని ఇంకా గులాబీ రంగులో.

ఆ మంగళవారం జిన్జు ఊళ్ళో మిగతా స్నానశాలలకి సెలవు. తెరిచి ఉన్నది ప్యో జొంగ్‌మాన్‌ది ఒక్కటే. ఊరందరి ఒంటి మట్టీ చూసిన జొంగ్‌మాన్ కూడా రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏం రోగమయ్యా అది?"

"రోగం కాదండీ, మానిన గాయాలు. అరగంట వేడినీళ్ళలో కూర్చుని, ఒళ్ళు గట్టిగా రుద్దించుకుని వెళ్ళిపోతాను."

ఒళ్ళు రుద్దే ముసలాయన చేతికున్న గరుకు తొడుగు తీసి అవతల పడేశాడు. ఆ తోలు ముట్టుకుంటే తనకి అన్నం సయించదన్నాడు. తొట్టెలోవాళ్ళు నీళ్ళు మార్చమని గోల చేశారు.

"చాలా అవసరమండీ. అరగంటే."

"మా ఇంట్లో పుండు మానని పిల్ల ఉంది. నీ దరిద్రం దానికి కూడా అంటించకు. నడు," అన్నాడు జొంగ్‌మాన్.

అతను ఒంటికి తడి కూడా తగలకుండా వెళ్ళిపోయాడు. పీడ మళ్ళీ రాకుండా జొంగ్‌మాన్ వెనకనుంచి గుప్పెడు ఉప్పు విసిరాడు. అందరూ నవ్వారు. ఒకరి మురికిలో ఒకరు నానే మనుషులు ఇంకొకర్ని అసహ్యించుకోవడం చూస్తే నాకు రోత పుడుతుంది.

జొంగ్‌మాన్ కూతురు యేసుల్‌కి ఆరేళ్ళు. నెల క్రితం మరిగే నీళ్ళు పడి చెయ్యి కాలింది. పాప తొడ చర్మమే కోసి చేతికి అతికించాలన్నారు డాక్టర్లు. లేదా పట్టుదారంతో కొత్తగా చేసిన పలచటి పొర వస్తే, కోత లేకుండానే మానుతుందన్నారు. బుధవారం దాకా చూద్దామన్నారు.

బుధవారం పొద్దున్నే తండ్రీకూతుళ్ళు ఆస్పత్రికి వెళ్ళారు. నర్సు పాప తొడ శుభ్రం చేయడం మొదలుపెట్టింది.

"పొర రాలేదా డాక్టరు గారూ?"

"వచ్చింది. చేసినాయన వాడనివ్వడం లేదు. ఇంక ఆగితే చెయ్యి పాడవుతుంది, అందుకే కోస్తున్నాం."

"ఎందుకు వాడనివ్వరు?"

ఆయన ప్రతి పొరనీ ముందు తన ఒంటి మీదే గాయం చేసుకుని అంటించి చూస్తాడని డాక్టరు చెప్పాడు. మానిన చర్మం వేడినీళ్ళకీ, రుద్దుడుకీ తట్టుకుంటేగాని పసిపిల్లలకి పెట్టనివ్వడట.

"ఆ ఒక్క పరీక్షా మిగిలింది. నిన్న చేసుకుందామని వెళితే, తొడల మీది మచ్చలు చూసి స్నానశాలలోంచి గెంటేశారట."